దీపాల కింది బుష్‌లు

ఆ ఆదివారం పొద్దున దామోదర్ పెళ్ళికి పోయేవాడిలా తయారయ్యాడు. గడ్డం గీసుకున్నాడు. బీరువా అడుగున పడి ఉన్న తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజును సర్ఫుతో, నిమ్మచెక్కతో తోమితోమి సగం వదిలించాడు. తర్వాత దేవుడి గూటి ముందు నిలబడి రెండు దీపాలూ తనే వెలిగించి దండం పెట్టుకున్నాడు. వెనక నిలబడ్డ అతని భార్య సత్తమ్మకు ఆ దీపాల వంక చూసే ధైర్యం చాలలేదు.

మొగుడు పోతున్నది పెళ్ళికి కాదు, పంచాయితీకి. ఆమె తమ్ముడు పోశయ్య ఇంటి ముందు, పెద్దమనుషుల ఎదుట, ఓ పాత బుల్లెట్ బండి ముందు ఫోర్కు విప్పబోతున్నారు. హ్యాండిలును చక్రంతో కలిపే ఆ రెండు పైపుల లోపల ఏముందో అందరి ముందూ తేలిపోతే, మూడేళ్ళుగా మోస్తున్న నింద దిగిపోతుందని దామోదర్ ఆశ.

"ఇయ్యాల్టితోని ఐపోతదే" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "లోపల నా పని నాకెరుక."

సత్తమ్మ తలుపుకు తాళం వేసే పనిలో పడింది.

ఆ బండి సత్తమ్మ పుట్టకముందటిది. వాళ్ళ నాయిన నాచారంలో ఫ్యాక్టరీ పని చేసేటప్పుడు ఎవరో ఆఫీసరు దగ్గర కొన్నాడు. ఆయన పోయాక పోశయ్య దాన్ని నడిపాడు, పోశయ్య కొడుకు జీవన్‌కు మీసాలు రాగానే వాడు ఎక్కాడు. బండి ముందు ఊగుతున్నదంటే పోశయ్య దాన్ని తోలుకొచ్చి బావ షెడ్డులో పడేశాడు. దామోదర్ ఫోర్కు విప్పి, పైపులు ఊగకుండా పట్టి ఉంచే ఇత్తడి కడియాలు, వాటినే బుష్‌లంటారు, అరిగిపోయాయని కొత్తవి వేసి బిగించాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే జీవన్ చెంగిచెర్లలో ఏదో దావత్ చేసుకుని వస్తూ, ఉప్పల్ డిపో దాటాక డివైడరుకు గుద్దుకుని పడ్డాడు. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. కుంటు మిగిలింది.

దవాఖానా మెట్ల మీద నిలబడి పోశయ్య గొంతు చించుకున్నాడు. బావ పాత బుష్‌లే తోమి వేశాడనీ, కొత్తవని అబద్ధమాడాడనీ, అందుకే హ్యాండిలు వణికి పిల్లవాడు పడ్డాడనీ లోకానికి చాటాడు. ఇక బస్తీకి ఏం కావాలి? నాచారం నుంచి మల్లాపూర్ దాకా దామోదర్‌కు 'పాత బుష్‌ల దామోదర్' అని పేరు పడిపోయింది. షెడ్డుకు వచ్చే బళ్ళు సగానికి సగం ఎదురు షెడ్డుకు మళ్ళాయి. వచ్చినవాళ్ళు కూడా పక్కన నిలబడి ఆయన చేతుల్నే చూస్తుండేవారు, ఏ సామాను ఎక్కడ మాయం చేస్తాడో అన్నట్టు. దానితో పాటు సత్తమ్మకు పుట్టిల్లూ మూతబడింది. బతుకమ్మ నాడు ఆమె పక్కింటివాళ్ళతో ఆడి వచ్చేది. పిల్లలు లేని ఆమె చేతుల మీద పెరిగిన జీవన్ రోడ్డు మీద ఎదురైతే తల తిప్పుకుని పోయేవాడు. అది మాత్రం ఆమెకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దామోదర్‌కు ఒక పద్ధతి ఉంది. ఏ బండికి ఏ సామాను మార్చినా పాతది కాగితంలో చుట్టి బండి యజమాని చేతిలో పెట్టేవాడు. ఫోర్కు విప్పేటప్పుడైతే ఆకురాయితో పైపు మీదా దాని బుష్ మీదా ఒకే రకం గీట్లు పెట్టేవాడు. ఎడమ కాలికి ఒక గీటు, కుడి కాలికి రెండు. తారుమారు కాకుండా అన్నమాట. విప్పిన సామానంతా బేసిన్‌లో కిరసనాయిలు పోసి కడగడం సత్తమ్మ పని. పెళ్ళయిన కొత్తల్లో సరదాకు మొదలుపెట్టిన పని, తర్వాత అదే వాళ్ళ కాపురమైంది. ఆయన విప్పి ఇచ్చేవాడు, ఆమె కడిగి బట్ట మీద ఆరబెట్టేది, మాటలన్నీ ఆ బేసిన్ దగ్గరే.

తమ్ముడి బండి పాత బుష్‌లు కడిగితే బంగారంలా మెరిశాయి. ఇంట్లో ప్రమిదలు నిలవక ఒరిగిపోతుంటే వాటికి కుదుళ్ళు లేవని ఆమె ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోంది. కొలిచినట్టు సరిపోయాయి.

"ఇవి నాకియ్యి, దీపాల కిందికి మంచిగుంటయి" అంది.

"పాతయి నీ తమ్మునికియ్యాలె గదనే."

"నా తమ్ముడు నన్నడుగుతడా?"

దామోదర్ నవ్వి ఊరుకున్నాడు. తన పద్ధతి తప్పడం ఆయన జన్మలో అదొక్కసారే. నింద పడ్డ తర్వాత ఒకసారి ఆ బుష్‌లు చేతపట్టుకుని బామ్మర్ది ఇంటికి పోయాడు కూడా. 'ఏ బండియో ఏమో, ఎవనికి ఎరుక' అని పోశయ్య మొహం మీద తలుపేశాడు. బండి సాక్ష్యమని చెప్పి దాని మీద పరదా కప్పి, ఎవరినీ ముట్టనివ్వలేదు. బండిలోపలి గీట్లు చూస్తే తప్ప బయట ఉన్న బుష్‌లకు విలువ లేదు. దామోదర్ వాటిని మళ్ళీ దీపాల కింద పెట్టి, మూడేళ్ళు రోజూ దండం పెట్టుకుంటూ వచ్చాడు.

ఇప్పుడా పరదా తీయాల్సి వచ్చింది. జీవన్‌కు దమ్మాయిగూడ నుంచి సంబంధం కుదిరింది. అంతా మాట్లాడుకున్నాక పిల్ల తండ్రి చెవిన ఎవరో ఊదారు, పిల్లవాడు తాగి పడ్డాడని. ఆయన నేరుగా అడిగేశాడు. పోశయ్య మామూలు పాటే పాడాడు, బావ పనితనమని. పోశయ్యతో కలిసి పనిచేసి యూనియన్ నడిపిన ఉమామహేశ్వర్ అక్కడే ఉన్నాడు, పెద్దమనిషి. "అయితే ఫోర్కు ఇప్పుదాం. లోపల పాత బుష్‌లుంటె దామోదర్ తప్పు. కొత్తయి ఉంటె పిల్లగాడు ఏం జేసి పడ్డడో పిల్లగాడే చెప్పాలె" అని తేల్చేశాడు. సాక్ష్యం సాక్ష్యమని మూడేళ్ళు చిందులేసిన పోశయ్య ఆ పూట కాదనలేకపోయాడు.

నిన్న సాయంత్రం ఉప్పల్ అంగడిలో, మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన, సత్తమ్మ టమాటాలు ఏరుతుంటే ఎవరో పక్కన కూర్చున్నారు. చూస్తే తమ్ముడు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి "అక్కా" అన్నాడు. ఆ పిలుపుకే ఆమె చేతిలోని టమాటా జారింది.

"రేపు ఇప్పుతున్నరు. నీకెరుకే గద."

"ఎరుకే."

"బావ కొత్తయే ఏసిండు అక్కా. నాకు తెల్సు."

సత్తమ్మ అతని మొహంలోకి చూసింది. "ఎప్పటిసంది తెల్సు?"

"పిల్లగాని నోటి వాసన సూసినప్పటిసంది. గప్పటికే మెట్ల మీద మొత్తుకున్న. మొత్తుకున్నంక ఎనకకు ఎట్ల తీసుకుంట?"

"మూడేండ్లు ఊకున్నవు గదరా."

"ఊకున్న. నన్ను తిట్టు, కొట్టు. గని పిల్ల తండ్రి ముంగట వాడు తాగుబోతని తేలితే ఈ సంబంధం పోతది. ఇది పోతే కుంటోనికి ఇంకెవరిస్తరు?" పోశయ్య గొంతు తగ్గించాడు. "పాతయి నీ తాన ఉన్నయని బావ అప్పుడు తెచ్చి చూపిచ్చిండు. రేపు అడిగితే లేవను. గదొక్కటే. బావది చేతుల పని, ఒక మాట పడితే ఏమైతది, ఎట్లనో బతుకుతడు. జీవన్ పెండ్లిల మేనత్త హారతి నువ్వే పట్టాలె. వాణ్ని పెంచినదానివి."

అడగడానికి సిగ్గుండాలని అనాలనుకుంది. అనలేదు. టమాటాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది. మొగుడు వీధి అరుగు మీద కూర్చుని గోళ్ళు తోముకుంటున్నాడు.

పోశయ్య ఇంటి ముందు కుర్చీలు వేశారు. పరదా తీస్తే బండి ముక్కు లోపలికి నొక్కుకుపోయి, తుప్పు పట్టి కనిపించింది. విప్పడానికి ఇటువాడూ అటువాడూ కాకుండా కాప్రా నుంచి ఖాజా భాయ్ అనే మెకానిక్‌ను పిలిపించారు. దామోదర్ ముట్టకూడదని షరతు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, తెల్లచొక్కాలో, బడిలో నిలబెట్టిన పిల్లవాడిలా ఓ పక్కన నిలబడ్డాడు.

ఖాజా ఇంజను కింద చెక్క మొద్దు పెట్టి చక్రం విప్పాడు. మడ్‌గార్డు తీశాడు. పైనున్న పెద్ద నట్టు తుప్పుకు కదలకపోతే కిరసనాయిలు పోసి కాసేపు కూర్చుని బీడీ కాల్చాడు. మళ్ళీ పానా పట్టి తిప్పాడు. వంగిన ఎడమ పైపు బయటికి రాకుండా మొండికేసింది. ఖాజా సుత్తె ఎత్తాడు.

"చెక్క సుత్తె భాయ్, పైపు దెబ్బ తింటది" అన్నాడు దామోదర్, ఆగలేక.

"నువ్వు మాట్లాడకు బావా" అన్నాడు పోశయ్య.

ఖాజా మాత్రం చెక్క సుత్తే తీసుకున్నాడు. కొట్టగా కొట్టగా పైపు కదిలింది. నల్లటి నూనె మట్టిలోకి కారింది. కుడిదీ అలాగే విప్పి, స్ప్రింగులు తీసి, నూనె ఆపే సీళ్ళు పీకి, లోపలి బుష్‌లు రెండూ బయటికి లాగాడు. అప్పుడు ఉమామహేశ్వర్ "సత్తమ్మా, జర కడుగు, నీకు అలవాటే గద" అన్నాడు. ఎవరో బేసిన్ తెచ్చి ఆమె ముందు పెట్టారు. మొగుడి మానం బేసిన్‌లో వేసి భార్య చేతికే ఇవ్వడం ఎలా ఉంటుందో అక్కడున్న మగవాళ్ళెవరికీ తట్టలేదు.

కిరసనాయిల్లో వేళ్ళు పెట్టగానే ఆమెకు తెలిసిపోయింది. అంచులు తడిమితే, ఇవి తను ఆనాడు తుడిచి ఇచ్చిన కొత్త బుష్‌లే. గీట్లు లేవు. పైపులు కడిగితే ఎడమదాని మీద ఒక గీటు, కుడిదాని మీద రెండు తేలాయి. తన పెనిమిటి చెయ్యి అది. చూసి చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. కిరసనాయిలు ఘాటని అందరూ అనుకున్నారు.

ఖాజా బుష్‌లు వెలుగులో తిప్పి చూశాడు. "కొత్తయి లెక్కనే ఉన్నయి. గని మూడేండ్లు తుప్పుల ఉన్నయి, నేను కసం తిని చెప్పలేను."

"పాతయే తోమి ఏసిండు" అన్నాడు పోశయ్య. అనేటప్పుడు అక్క వంక చూడలేదు.

"పైపుల మీద నా గీట్లున్నయి, సూడు భాయ్" అన్నాడు దామోదర్. "ఇప్పినప్పుడు పాత బుష్‌ల మీద గూడ గియే గీట్లు పెట్టిన. ఈటి మీద లేవంటే ఇవి కొత్తయి."

"పాతయాటి మీద పెట్టినవని ఏం నమ్మకం? ఇప్పుడు చెప్పే కత ఇది."

"పాతయి తెస్తె ఐపాయె గద" అన్నాడు ఖాజా. "గీటుకు గీటు కలిస్తే ఇంక మాటే లేదు."

లోపలి కొత్తవి చూస్తేనే తేలిపోతుందని పాతవాటిని దీపాల కిందే ఉంచి వచ్చిన దామోదర్ మొహం వెలిగింది. మూడేళ్ళలో ఆ మొహంలో అంత వెలుగు సత్తమ్మ చూడలేదు. "ఆమె తానే ఉన్నయి" అన్నాడు. "ఆమెనే తీస్కున్నది. అడుగున్రి."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. పిల్ల తండ్రి కుర్చీలో ముందుకు వంగాడు. గడపలో కుంటికాలు ఆనించి నిలబడ్డ జీవన్ ఒక గ్లాసు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడు. "అత్తా, నీళ్ళు తాగు" అన్నాడు. ఆ గొంతు చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమెను పిలిచిన గొంతు. వాణ్ని ఎవరు పంపారో ఆమెకు తెలుసు. తెలిసీ గ్లాసు అందుకుంది.

"సత్తమ్మా, పాతయి ఉన్నయా?" అని ఉమామహేశ్వర్ అడిగాడు.

"లేవు" అంది సత్తమ్మ.

"ఏం చేసినవ్?"

"పాత సామాన్ల బండోనికి ఏసిన. ఎప్పుడో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దామోదర్ ఆమెనే చూశాడు. ఆ పొద్దున తన చేత్తో దీపాలు వెలిగించి వచ్చిన మనిషి అలా చూస్తూ నిలబడ్డాడు. కోపముంటే ఆమె తట్టుకునేది. అందులో కోపం లేదు, ఎవరో కొత్త మనిషిని గుర్తుపట్టబోతున్నట్టు చూశాడు.

"ఏమంటవ్ దామోదర్?" అన్నాడు ఉమామహేశ్వర్.

దామోదర్ ఇంటి దారి వంక చూశాడు. ఇల్లు ఎంత దూరమని, ఒక్కడు సైకిలేసుకుని పోతే దేవుడి గూట్లో ఉన్నవి పట్టుకొస్తాడు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చిందని సత్తమ్మకు తెలుసు. పదిమందిలో పెళ్ళాన్ని అబద్ధాలకోరును చేసే మాట అది.

"ఆమె లేవంటే లేవు" అన్నాడు.

పంచాయితీ అయిపోయింది. పిల్ల తండ్రి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని చాయ్ అడిగాడు. ఉమామహేశ్వర్ పెద్దరికం పండించుకుంటూ, ఐందేదో ఐంది, మనసుల పెట్టుకోవద్దన్నాడు. "దామోదర్, జర బామ్మర్దికి ఒక దండం పెట్టు, పీడ వదుల్తది" అన్నాడు. దామోదర్ పొద్దున నిమ్మచెక్కతో తోముకున్న ఆ రెండు చేతులూ జోడించాడు. పోశయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎంతైనా సిగ్గు అన్నది పూర్తిగా చావదు కదా, కొంచెం మిగిలి ఉంటుంది, అది ఎవరికీ పనికిరాదు.

దామోదర్ చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చి తిడతాడని, కొడతాడని, కనీసం ఎందుకన్నావని అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. అన్నం పెడితే తిన్నాడు. షెడ్డుకు పోయాడు, వచ్చాడు. దీపాల ముందు నిలబడటం మాత్రం మానేశాడు. ఆమే వెలిగించుకుంది. బుష్‌ల మీది గీట్లు కనపడకుండా అటువైపు తిప్పి పెట్టింది. ఒక గీటుది ఒకవైపు, రెండు గీట్లది ఇంకోవైపు.

పెళ్ళి దమ్మాయిగూడ ఫంక్షన్ హాల్లో జరిగింది. "నువ్వు పో" అన్నాడు దామోదర్. ఆమె పట్టుచీర కట్టుకుని పోయింది. పోశయ్య మాట నిలబెట్టుకున్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. మేనత్తా మేనత్తా అని మూడుసార్లు మైకులో పిలిపించి హారతి పళ్ళెం ఆమె చేతికి ఇప్పించాడు. ఆమె పళ్ళెం తిప్పుతుంటే పిల్ల తల్లి పక్కావిడ చెవిలో అన్న మాట డప్పుల మధ్య కూడా చక్కగా వినిపించింది. "పిల్లగాని కాలు ఇరగ్గొట్టింది గీమె పెనిమిటేనంట." పళ్ళెం ఆగలేదు. జీవన్ తల దించుకుని హారతి కళ్ళకద్దుకున్నాడు.

భోజనాల దగ్గర పోశయ్య ఆమె విస్తట్లో ఇంకో లడ్డు వేయించాడు. "బావ రాకపోవుడే మంచిగైంది అక్కా" అన్నాడు వంగి, మెల్లగా. "వస్తె అందరు అడుగుదురు." ఇంత చేసి తెరిపించుకున్న పుట్టిల్లు ఇదా అనుకుంది. చుట్టూ అందరూ చూస్తున్నారని ఆ లడ్డు తిన్నది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరింది. షెడ్డులో దామోదర్ కింద కూర్చుని కార్బురేటరు ముక్కలు కడుక్కుంటున్నాడు. ఆయన కడగడం ఆమె ఎన్నడూ చూడలేదు. సగం మట్టి అలాగే ఉంది, చేత కావడం లేదు. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఎదురుగా కూర్చుని, ఎప్పటిలాగా బేసిన్ మీదికి చెయ్యి చాపింది. ఆయన తలెత్తకుండా బేసిన్ తన వైపుకు జరుపుకున్నాడు.

ఆమె కాసేపు కూర్చుని లేచింది. సందె దీపం పెడదామని లోపలికి పోయింది. దేవుడి గూట్లో ప్రమిదలు రెండూ వట్టి చెక్క మీద ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. నూనె కారి దేవుడి పటాల దాకా పాకింది. బుష్‌లు లేవు. పటాల వెనక వెతికింది, గూటి కింద వెతికింది, చివరికి బయటికి వచ్చింది.

"దీపాల కిందియి ఏవి?" అని అడిగింది.

దామోదర్ కార్బురేటరు ముక్కను గుడ్డతో తుడిచి, వెలుగుకు పట్టి చూసి, పక్కన పెట్టాడు.

"పాత సామాన్ల బండోనికి ఏసిన" అన్నాడు. "ఎప్పుడో."